చదరపు అడుగు లెక్క

లీలామహల్ సర్కిల్ కాడ, కిటికీ లేని గదిలో
ఫ్లెక్సీలు చేసే పని నాది.
ఎవురి మొకం ఎంతుండాలో
ఆర్డరిచ్చేవోళ్ళు నోటితో చెప్పరు,
చేతుల్తో చూపిస్తారు.
అన్నకైతే రెండు చేతులూ బార్లా చాపి,
అన్న తమ్ముడికి మోచేతి దాకా,
మండలపోళ్ళకు జానెడు,
వార్డుపోళ్ళకు బొటనేలికీ చూపుడేలికీ మధ్య
చిటికెడు నశ్యం పట్టేంత సందు.
ఒకాయన స్కేలు తెచ్చి కొలిచినాడు ఒకసారి.
పక్కోడికంటే అర అంగుళం తక్కువని
నా టేబుల్ మీద గుద్ది, ఏడ్చినంత పని చేసినాడు.

మా తాత కాళాస్తిలో కలం పట్టినోడు.
కరక్కాయా పాలూ తాగిన గుడ్డ మీద
రావణాసురుణ్ణి రాముడికంటే జానెడెత్తు రాస్తే
చిన్నప్పుడు నేను కొట్లాటకు పోయినా.
"బొమ్మ కొలిచేది బలాన్నే పాపా.
మంచిని కొలిచే కొలబద్ద
మన కాడ యాడుండాది?" అన్న్యాడు,
కలం కడుక్కుంటా.

నా కాడుండేది మౌసు.
మూల పట్టి లోపలికి లాగితే మనిషి తగ్గతాడు.
నొప్పనడు. అరవడు.
పోయినేడు పుట్టినరోజు బ్యానరుకి, ఇరవై బై పన్నెండు,
కొర్లగుంట నుంచి నలభై మూడు మొకాలొచ్చినాయి.
అన్నీ ఒకే వరసలో, అన్న పాదాల కాడ.
ముప్పై తొమ్మిదోవాడు గురవయ్య.
బ్యానరు భుజానేసుకోని పొయ్యేదానికి వచ్చి
"నేనుండానా దీన్లో?" అని
నేల మీద పరిచి, మోకాళ్ళ మీద పాకి పాకి
వేలితో తడుముకోని, దొరికినాక నవ్వినాడు.
దండం పెట్టిన అన్న చేతికి వాచీ ఉండాది.
గురవయ్య మొకం ఆ వాచీ బిళ్ళంత.

మొన్న బేస్తవారం దొరసానమ్మ వచ్చింది.
పాల కవర్లోంచి ఒక ఫ్లెక్సీ తునక తీసింది,
కత్తెరతో గుండ్రంగా కోసిన తునక.
"ఆయన ఫోటో ఇదొకటే. ఫోనూ ఆయనా
రేణిగుంట రోడ్డులో ఒకే లారీ కింద.
పెద్దది చెయ్యి పాపా. ఆరు బై నాలుగు."

మూల పట్టి బయటికి లాగినా.
పోయినంత సులువుగా రాడు మనిషి.
ముక్కు గడులు గడులుగా ఇడిపోయింది.
కండ్లు రెండు బొగ్గు తునకలు.
మీసమూ నోరూ కలిసి ఒక చీకటి మెట్టు.
ఇంకా లాగితే
కొత్తగా టైల్సు పరిచిన బాత్రూం గోడ.
తగ్గించేటప్పుడు పారేసిన మనిషి
ఏ ఫోల్డర్లోనూ లేడు, మొత్తం దేవులాడినా.
తగ్గించింది నేనేనని ఆమెకు చెప్పలా.

స్క్రీను కల్లా చూసి చూసి
"ఈయన గాదులే" అనింది. "ఉండేది ఉన్నంతే పెట్టు.
చుట్టూ ఏం రాయొద్దు. పూలొద్దు, దీపాలొద్దు."
మా ఓనరు లోకనాథం తల పైకెత్తకుండానే
"తెల్లదానికీ అడుగుకు అదే రేటమ్మా" అన్న్యాడు.
లెక్కబెట్టి ఇచ్చింది, ఖాళీకి గూడా.

ఇప్పుడు కొర్లగుంట సందు మొగదాల
ఆరు బై నాలుగు తెలుపు,
నట్టనడిమి వాచీ బిళ్ళంత గురవయ్య.
టీ గ్లాసుతో ఒకడు, స్కూటరాపి ఒకడు
ఏముందబ్బా అని దగ్గరికి పోతారు,
కండ్లజోడు పైకి తోసుకోని, నడుం వంచి.
అన్న బొమ్మనైతే
రోడ్డుకవతల నుంచే చూసి పోతారు.

ఆ పొద్దు పోతా పోతా చెప్పింది దొరసానమ్మ:
పాత బ్యానరు ఇంటి మీద కప్పుకున్నారంట.
అన్న బుగ్గ పొయ్యి మీదికి,
దండం పెట్టిన చేతులు మంచం మీదికి.
ఈ తునక కోసిన కాడ మాత్రం
వాచీ అంత బొక్క.

"వానొస్తే?" అన్నా.

"కింద చెంబు పెట్టినాలే."